ప్రోఫిరా నీడ మోసిన వంతెన

ఉదయం ఏడు గంటలు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. తూర్పు కొండల మీంచి ఎండ పల్చగా, ఏటవాలుగా పడుతోంది.

ప్రోఫిరా ఆవు పాలు పితికింది. బాతుల్ని వాకిట్లోకి తోలింది. మొక్కజొన్న సంకటి చెక్కపలక మీద బోర్లించి, దారంతో ముక్కలు కోసి, కూతురు కత్రీనా ముందు ఒకటి పెట్టింది. తను తినలేదు. పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని మేజోడు మడమ దగ్గర అల్లిక ముగిస్తోంది. భర్త గవ్రీల్ సైన్యం బండ్లు తోలడానికి తన ఎద్దులతో సహా వేసవిలోనే పోయాడు. ఇవాళ కొడుకు పింటిలీ వంతు. వాడి పటాలం సిరెత్ నది దాటి యుద్ధానికి పోతోంది. మేజోళ్ళు లేకుండా పోతాడేమోనని ఆమె భయం.

"ఎనిమిదింటికి కదులుతారట అమ్మా," అంది కత్రీనా.

"తెలుసు."

"మబ్బు లేదు. ఎండ ఉంది."

"తెలుసు," అంది ప్రోఫిరా. కానీ ఆ మాట ఆమె చెవిలో పడిందే గాని మనసులో పడలేదు. దారం పళ్ళతో కొరికి, మేజోళ్ళూ, ఒక జున్ను రొట్టే గుడ్డలో కట్టుకుని పరుగెత్తింది.

లుంకా ఊళ్ళో ఆ పది రోజులుగా ఎండలో ఎవరూ నది వైపు పోవడం లేదు. సైన్యం వాళ్ళు అక్కడ చెక్క వంతెన కడుతున్నారు. రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ కూలింది. ఇది మూడోసారి. ఓక్ దుంగలు ఎంత లోతుగా దిగ్గొట్టినా సిరెత్ వాటిని పాలపళ్ళలా ఊడబెరికి పారేసింది. కట్టడం నిలవకపోతే మేస్త్రీ ఏం చేస్తాడో అందరికీ తెలుసు. దారిన పోయే మనిషి నీడని దారంతో కొలుస్తాడు. ఆ దారాన్ని కట్టడంలో పెట్టి మూసేస్తాడు. కట్టడం నిలుస్తుంది. నీడ పోయిన మనిషి నలభయ్యో రోజున చనిపోతాడు. అందుకని ఊరివాళ్ళు నీళ్ళకి నడి మధ్యాహ్నమే వెళ్ళేవారు, నీడ కాళ్ళ కిందకి చేరాక. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన తుదోసియా ముసలమ్మ మబ్బు పట్టిన రోజే గుడ్డలు ఉతుక్కునేది. వర్షాలు పడుతున్నాయి కాబట్టి సరిపోయింది.

ప్రోఫిరా ఇదంతా మరిచిపోయింది. సూర్యుడు వీపు వెనకాల ఉన్నాడు. ఆమె నీడ పోప్లార్ చెట్టంత పొడుగ్గా ముందు పరుగెడుతోంది. ఆమె దాని వెనకాల పరుగెత్తింది.

పింటిలీ గట్టు మీద వరసలో నిలబడి ఉన్నాడు. పందొమ్మిదేళ్ళు. కోటు చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"తొడుక్కో," అంది.

"ఇక్కడా? అందరూ చూస్తున్నారే అమ్మా!"

"చూడనీ. తడి కాళ్ళతో పోతావా?"

పక్కింటి అగ్లాయా కొడుకు లజార్ వరసలోంచి తల బయటపెట్టాడు. "అత్తా, నాకో జత లేదా?"

"మీ అమ్మనడగరా. మాటలు అల్లినంత వేగంగా మేజోళ్ళు అల్లితే పటాలానికంతా సరిపోయేవి."

వరసంతా నవ్వింది. పింటిలీ ఒంటికాలి మీద గెంతుతూ మేజోళ్ళు తొడుక్కున్నాడు. ఆమె వాడి టోపీ సర్దింది. ఏడవలేదు. ఇంటికి పోదామని వెనక్కి తిరగబోయి ఆగిపోయింది.

ఆమె నీడ కొసన, తల నీడ దగ్గర, ఒక సార్జెంటు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో జనపనార దారం. దాని ఒక కొస ఆమె మడమ దగ్గర రాయి కింద నొక్కి ఉంది. ఆయన దారం చుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ప్రోఫిరా గిరుక్కున తిరిగింది. ఇంటికొచ్చింది. పిండి కలపడానికి కూర్చుంది.

వంతెన మొదటి దుంగకి బెజ్జం వేసి, దారం లోపల కుక్కి, చీలతో మూసేశారని ఊరికి తర్వాత తెలిసింది. కానీ ఆమెకి అప్పుడే తెలిసింది. ఎనిమిది గంటలకి రెండు భుజాల మధ్య ఒక అడుగు పడింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వందలు. ఆమె పిండి తొట్టి రెండు చేతులా పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. ఆ అడుగుల్లో ఒకటి వాడిది. నడక నేర్చిన నాటి నుంచీ విన్న అడుగు ఏ తల్లికి తెలియదు! నడుం దాకా వచ్చింది. దిగిపోయింది. అవతలి ఒడ్డుకి చేరింది.

"దాటాడు," అంది కత్రీనాతో.

*

మర్నాడు సార్జెంటు ఇంటికొచ్చాడు. ప్రికోప్ అతని పేరు. కొండ ఊళ్ళలో గోడలు కట్టుకుని బతికే మనిషి. టోపీ చేతుల్లో నలుపుతూ గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కా, తప్పయిపోయింది. సైనికుడి తల్లివని తెలీదు."

"ఇంకెవరి తల్లైతే పరవాలేదా?"

అతను గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు. "చీల ఊడదీసి దారం నీకిచ్చేస్తాను. నీ నీడ నీకొస్తుంది. కాకపోతే వంతెన..."

"కూలుతుంది."

"కూలుతుందక్కా."

"నా కొడుకు అవతల ఉన్నాడు. నా మొగుడూ అవతలే ఉన్నాడు. వాళ్ళు ఈత కొట్టుకుంటూ రావాలా?"

ప్రికోప్ నేల చూశాడు.

"ఉండనీ," అంది ప్రోఫిరా. సంకటి ముక్క ఒకటి, ఉల్లిపాయ ఒకటి చేతిలో పెట్టి పంపించింది.

ఆ తర్వాత ఊరు దానికి అలవాటు పడిపోయింది. వంతెన దగ్గర బండివాళ్ళు ఒకరినొకరు కేకలేసుకునేవారు. "మెల్లిగా పోనివ్వరా గాడిదా, ప్రోఫిరా మీద తోలుతున్నావు!" ఆడవాళ్ళు కంచె దగ్గరికొచ్చి అడిగేవారు, మా ఆయన గోధుమలు పట్టించడానికి పోయాడు, తిరిగి దాటాడా అని. "దాటాడు. తూలుతున్నాడు," అనేది ప్రోఫిరా. ఆ ఇంట్లో ఆ సాయంత్రం చీపురు తిరగబడేది. మగవాళ్ళు అవతలి ఊరి సారా కొట్టుకి పోవడం తగ్గించారు.

ఫాదరుగారు భక్తిగా బూట్లు విప్పి నడిచారట. ప్రోఫిరా కత్రీనా చేత కబురు పెట్టింది. "బూట్లతోనే నడవమను. ఆ చల్లటి కాళ్ళు వీపుకి తగిలితే ప్రాణం జివ్వుమంటోంది."

నలభయ్యో రోజు వచ్చింది. డిసెంబరు. రాజధాని శత్రువు చేతికి పోయిందని ముందు రోజు సాయంత్రమే కబురొచ్చింది. పొద్దున్నే తుదోసియా, అగ్లాయా, ఇంకో నలుగురు మంచి బట్టలు కట్టుకుని వచ్చేశారు. చేతిలో కొవ్వొత్తి లేకుండా మనిషి పోకూడదు కాబట్టి కొవ్వొత్తి తెచ్చారు. పోయినవాళ్ళ పేరు మీద పంచే తీపి గోధుమల పళ్ళెం కూడా తెచ్చారు, పైన అక్రోటు పొడి చల్లి, చక్కెరతో శిలువ గీసి.

"ముందే వండేశావా వదినా?" అంది ప్రోఫిరా.

"తర్వాత తీరిక ఉంటుందో లేదో," అంది అగ్లాయా కళ్ళొత్తుకుంటూ. "చక్కెర కూడా దొరకడం లేదు. ఉన్నదంతా నీ మీదే పోశాను."

"పడుకోవే," అంది తుదోసియా. కొవ్వొత్తి వెలిగించి ఆమె చేతిలో పెట్టింది. ఆడవాళ్ళు గోడవారగా కూర్చున్నారు. ప్రోఫిరా పడుకుని కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే సైన్యం వెనక్కి వస్తోంది. మొదట కాందిశీకుల బండ్లు. తర్వాత గుర్రాలు. ఆ తర్వాత ఫిరంగులు. ఒక్కో ఫిరంగికి ఆరేసి గుర్రాలు, ఇనుప చక్రాలు. ప్రోఫిరా పళ్ళు బిగబట్టి లేచి కూర్చుంది. మంచం కోడు పట్టుకుంది.

"ఏమే, వచ్చేసిందా?" అంది తుదోసియా.

"రాలేదు. ఫిరంగులు దాటుతున్నాయి."

"మరి... ఎప్పుడు?"

"ఇప్పుడు కాదు పెద్దమ్మా. పదహారున్నాయి. నాలుగే దాటాయి."

మధ్యాహ్నానికి పదహారూ దాటాయి. వాటి వెనక మందుగుండు బండ్లు. వాటి వెనక వంట బండ్లు. వాటి వెనక కాలినడకన మనుషులు. కొవ్వొత్తి మొదలంటా కాలి ఆరిపోయింది. పొద్దు వాలింది. ప్రోఫిరా చెమటతో తడిసి ముద్దయింది గానీ చావలేదు.

"చావడానికి తీరికేది దానికి?" అంది తుదోసియా చివరికి. "నీడ పోయినవాళ్ళు ఊరకే కూర్చుని బెంగతో పోతారు. దీన్నేమో గంటకోసారి ఎవడో తొక్కి లేపుతున్నాడు."

"మరి ఈ గోధుమలు?" అంది అగ్లాయా.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కత్రీనా చెంచాలు తెచ్చింది. ప్రోఫిరా తన పేరు మీద వండిన గోధుమలు రెండు గిన్నెలు తిన్నది. చక్కెర బాగానే వేశావు వదినా అని మెచ్చుకుంది.

రెండు రోజుల తర్వాత పొద్దున పదింటికి పింటిలీ అడుగు వీపు మీద పడింది. మేజోళ్ళు అరిగిపోయి ఉండాలి, అడుగు బరువుగా, ఈడ్చుకుంటూ ఉంది. ఆగలేదు. పటాలాన్ని ఉత్తరానికి, యాస్ పట్నం వైపు తోలుకుపోతున్నారట. ఆమె గట్టు మీదికి చేరేసరికి దుమ్ము మాత్రమే ఉంది. ఐతేనేం, నదికి ఇవతలే ఉన్నాడు.

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజున గవ్రీల్ దాటాడు. ఎద్దులు లేవు. ఒక్కడే. వంతెన మీద మూడుసార్లు ఆగాడు. ప్రోఫిరా పరుగెత్తి చివర్లో పట్టుకుంది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, కోటు నిండా పేలు. ఆ చలికాలం టైఫస్ జ్వరం తుపాకీ కంటే ఎక్కువ మందిని తీసుకుపోయింది. ఫిబ్రవరిలో గవ్రీల్‌ని కూడా తీసుకుపోయింది. గుంట తవ్వడానికి నేల గడ్డకట్టి ఉంటే, ప్రికోప్ తన మనుషుల్ని పంపి గడ్డపారలతో పగలగొట్టించాడు. ఆ రోజు నుంచి ప్రోఫిరా మాటలు తగ్గాయి. మొదట్నుంచీ ఎక్కువేం కాదు.

ఇక మిగిలింది పింటిలీ. వాడు తిరిగి రావాలి. వీపు మీద ఏది పడినా ఆమె మనసులో ఆ ఒక్క లెక్కే ఉండేది.

మార్చిలో నది మీద మంచు పగిలింది. పెళ్ళలు పెళ్ళలుగా వచ్చి దుంగలకి కొట్టుకుంటుంటే ఆమె మూడు రోజులు కూర్చోలేకపోయింది. అగ్లాయా నొప్పి లాగడానికి గాజు కప్పులు వేడి చేసి వీపు మీద అంటించింది. ఆల్బకరా పళ్ళ సారాతో తోమింది.

"సగం వీపుకి, సగం నోట్లోకి," అంది ప్రోఫిరా.

"హమ్మయ్య, మాటొచ్చింది!" అంది అగ్లాయా, సీసాలో మిగిలింది తను తాగుతూ.

వంతెన కదల్లేదు.

వసంతంలో పింటిలీ నుంచి ఉత్తరం వచ్చింది. 'అమ్మా, బతికే ఉన్నాను. పేలు లేవు. ఇనుప టోపీ ఇచ్చారు, అందులో కోడిగుడ్లు కూడా ఉడకబెట్టుకోవచ్చు. కొత్త తుపాకులు వచ్చాయి. ఫ్రెంచి ఆఫీసరు ఒకాయన మాకు బాంబులు విసరడం నేర్పుతున్నాడు, ఆయన మాట మాకు అర్థం కాదు, మా మాట ఆయనకి అర్థం కాదు, బాంబులు మాత్రం బాగా పేలుతున్నాయి. రాజుగారు సైనికులకి భూమి ఇస్తామని మాటిచ్చారట. నువ్వు నది పక్కన ముక్క ఒకటి చూసి పెట్టు.'

కత్రీనా చదివింది. ప్రోఫిరా ఇంకోసారి చదివించుకుంది. ఆవుని కాడికి కట్టి, ఉన్న కాస్త నేలా దున్నింది. ఆ ఏడు ఊళ్ళో మగవాళ్ళు లేకపోయినా ఒక్క చేను కూడా బీడు పడలేదు.

*

ఆగస్టు. నేల పెనంలా కాలుతోంది. అవతలి ఒడ్డున మొక్కజొన్నల వెనక నుంచి ఫిరంగులు పగలంతా ఉరుముతున్నాయి. శత్రువు ఇక్కడ నది దాటితే మిగిలిన దేశం కూడా పోయినట్టే. ఆ సంగతి ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు.

పింటిలీ పటాలం మళ్ళీ పడమటికి దాటింది. ఈసారి ప్రోఫిరా గట్టు మీద నిలబడి, కళ్ళతోనూ వీపుతోనూ చూసింది. లుంకా వాళ్ళు పోయిన శరత్తులో ముప్పై ఆరుగురు వెళ్ళారు. ఏడుగుర్ని జ్వరం తిన్నది. ఇరవై తొమ్మిది మంది దాటారు.

పింటిలీ వెడల్పయ్యాడు. మీసం వచ్చింది. కోటు ఇప్పుడు సరిపోయింది, కానీ ఎండకి విప్పి భుజాన వేసుకున్నాడు. అందరూ తెల్ల చొక్కాలతోనే ఉన్నారు.

"అమ్మా, నా వల్ల బరువుగా ఉందా?" అన్నాడు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఇంతకంటే బరువుగా ఉన్నావు. పో."

"భూమి చూశావా?"

"ముందు దాన్ని వాళ్ళకి పోకుండా చూడు."

వాడు నవ్వి పరుగెత్తి వరసలో కలిశాడు.

ఆరో రోజు సాయంత్రం ఐదింటికి ఒక ఫిరంగి గుండు వంతెన నడిమధ్యన పడింది. రెండు దుంగలు విరిగాయి. పెరట్లో నీళ్ళు తోడుతున్న ప్రోఫిరా బోర్లా పడింది. లేవలేకపోయింది. ఊపిరి మాత్రం ఆడుతోంది. కత్రీనా కేకలకి ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. తలుపు ఒకటి ఊడదీసి దాని మీద పడుకోబెట్టారు.

"గట్టుకి తీసుకుపొండి," అంది ప్రోఫిరా. అంతకంటే మాట పెగల్లేదు.

గట్టు మీద ఇరవై మందుగుండు బండ్లు ఆగి ఉన్నాయి. ప్రికోప్ ముఖం మసితో నల్లగా ఉంది. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అక్కా, అవతల మనవాళ్ళ దగ్గర మనిషికి పది తూటాలు లేవు. కొత్త దుంగలు దించుతున్నాం. కానీ ఈ బండ్లు దాటితే నువ్వు..."

"దాటనీ."

"నడుం విరిగిపోతుందక్కా! నువ్వు పోతే వంతెనా పోతుంది!"

"దాటనీ అంటున్నానా."

"నోర్ముయ్యండి ఇద్దరూ," అంది తుదోసియా. ముసలమ్మ చేతికర్ర ఊతంగా ముందుకొచ్చింది. సూర్యుడు పడమట వాలుతున్నాడు. గట్టు మీద ప్రతి గడ్డిపరక నీడా బారెడు సాగి ఉంది. ఆమె ప్రికోప్ వైపు తిరిగింది. "అబ్బీ, నీ దగ్గర దారం ఎంతుంది?"

ప్రికోప్‌కి అర్థం కావడానికి క్షణం పట్టింది. "కండె నిండా ఉంది అవ్వా."

"అయితే చూస్తావేం? కొలువు."

ముసలమ్మ సూర్యుడికి ఎదురుగా నిలబడింది. వంగిన నడుం వీలైనంత నిటారు చేసింది. ఆమె నీడ మెట్ట దాకా పాకింది. ప్రికోప్ మోకాళ్ళ మీద దేకుతూ కొలిచాడు.

తర్వాత అగ్లాయా వచ్చి నిలబడింది. ఆమె పొట్టి మనిషి. వెనక్కి తిరిగి తన నీడ చూసుకుంది. "పుట్టి బుద్ధెరిగాక ఇంత పొడుగు ఎప్పుడూ లేను. సరిగ్గా కొలవవయ్యా, జానెడు కూడా పోనివ్వకు. నా కొడుకూ అవతలే ఉన్నాడు."

చాకలి వెరోనా వచ్చింది. ఫాదరుగారి భార్య వచ్చింది. మర ఆడించే ఆవిడ, ఆమె తోడికోడలు, గవ్రీల్ చెల్లెలు వచ్చారు. ఏడుగురు. వాళ్ళ వెనక కత్రీనా నిలబడింది.

తలుపు మీంచి ప్రోఫిరా చెయ్యెత్తింది. "నువ్వొద్దు."

"ఎందుకొద్దు?"

"పదహారేళ్ళు నీకు."

"అన్నయ్య నీ ఒక్కదానికేనా?" అంది కత్రీనా. అక్కడి నుంచి కాలు కదపలేదు. "కొలువు బాబాయ్."

ప్రికోప్ ప్రోఫిరా వైపు చూశాడు. ప్రోఫిరా కళ్ళు మూసుకుంది. అతను కొలిచాడు.

ఎనిమిది దారాలు. కొత్త దుంగలకి ఎనిమిది బెజ్జాలు వేసి, ఒక్కో దారం లోపల కుక్కి, చీలలు కొట్టారు. చివరి చీల మీద సుత్తి దెబ్బ పడగానే ప్రోఫిరా వీపు మీంచి ఏదో లేచినట్టయింది. పూర్తిగా లేవలేదు. తొమ్మిదో వంతు ఉండిపోయింది. ఆమె మోచేతుల మీద లేచి కూర్చుంది.

మొదటి బండి కదిలింది.

"అమ్మో!" అంది అగ్లాయా.

"ఓరి దేవుడా, ఇదా?" అంది ఫాదరుగారి భార్య, నడుం పట్టుకుని. "ప్రోఫిరా, పది నెలల్నుంచీ ఒక్కదానివే ఇది మోశావా?"

"మోశాను."

"ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"అడగలేదుగా."

తొమ్మిది మందీ గట్టు మీద ఒకరి వీపుకి ఒకరు వీపు ఆనించి కూర్చున్నారు. బండి వెనక బండి. ఒక్కో బండికీ తొమ్మిది మంది ఒక్కసారిగా మూలిగారు. మూలిగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నదిలో గుండ్లు పడి నీళ్ళు గోడల్లా లేచాయి. గట్టున నిలబడ్డవాళ్ళంతా తడిసిపోయారు. వంతెన ఊగింది, మూలిగింది, నిలబడింది. ఇరవై బండ్లూ దాటాయి.

"మరి నలభై రోజులకి పోతామా?" అంది మర ఆడించే ఆవిడ నెమ్మదిగా.

తుదోసియా నడుం రుద్దుకుంది. "ఒక్కదాని మీద పడితే చావు. తొమ్మిది మంది మీద పడితే నడుంనొప్పి," అని తేల్చేసింది.

మూడో రోజు పొద్దున ఫిరంగులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి కోళ్ళు కూడా బెదిరి గూట్లోకి పోయాయి. తర్వాత వంతెన మీద ఒక్క గుర్రం దౌడు తీస్తూ దూసుకొచ్చింది. ఊళ్ళో తొమ్మిది చోట్ల తొమ్మిది మంది ఆడవాళ్ళు చేస్తున్న పని వదిలేసి వీధిలోకి వచ్చారు. ఆ రౌతు జీను మీద నిలబడి అరుస్తున్నాడు.

"ఆగారు! వాళ్ళు ఆగిపోయారు! ఒక్క అడుగు ముందుకు రాలేకపోయారు!"

చర్చి గంట కొట్టడానికి ఫాదరుగారు పరుగెత్తారు. ఈసారి బూట్లు వేసుకోవడం మరిచిపోయారు. ఊరు ఊరంతా వీధిలో ఉంది. అగ్లాయా దాచిపెట్టిన సారా పీపాకి బిరడా పీకేసింది. ప్రికోప్‌ని ఆడవాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. "వద్దు తల్లుల్లారా, మీ వీపులసలే..." అని అతను మొత్తుకుంటున్నా వినలేదు. "వంతెనా, ఫిరంగులూ మోశాం, నువ్వో లెక్కా?" అని ఎగరేశారు. తుదోసియా చేతికర్ర పైకెత్తి, వీధి మధ్యన, ఎనభై ఏళ్ళ కాళ్ళతో గుండ్రంగా తిరిగింది.

ప్రోఫిరా ఒక గుక్క తాగింది. నవ్వింది. తర్వాత గిన్నె పక్కన పెట్టి వంతెన వైపు చూసింది. గెలిచారు, సరే. ఎవరెవరు మిగిలారు?

సెప్టెంబరు మొదటి వారంలో కబురొచ్చింది. పింటిలీ పటాలానికి విశ్రాంతి ఇచ్చారట. నది దాటి ఇవతలికి వస్తున్నారు. లుంకా వాళ్ళకి పది రోజులు ఇళ్ళకి పోవడానికి సెలవు.

ఆ మధ్యాహ్నం ఎండ మెత్తగా ఉంది. ప్రోఫిరా పెరట్లో పీట మీద కూర్చుంది. ఎదురుగా కత్రీనా. కంచె అవతల అగ్లాయా. మొదటి అడుగు పడింది.

"దర్జీ కొడుకు," అంది ప్రోఫిరా. ఒక వేలు ముడిచింది.

"మర ఆవిడ మొగుడు," అంది కత్రీనా. ఇప్పుడు ఆమెకీ తెలుస్తోంది.

"లజార్!" అగ్లాయా కంచె పట్టుకుని గావుకేక పెట్టింది. "నా లజార్! ఆ కాళ్ళీడ్చే నడక వాడిదే! వెధవకి ఎన్నిసార్లు చెప్పాను కాళ్ళీడ్చవద్దని!" అంటూనే ఏడుస్తూ, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది.

ప్రోఫిరా వేళ్ళు ముడుస్తూనే ఉంది. పద్నాలుగు. పంతొమ్మిది. ఇరవై రెండు.

అక్కడితో అడుగులు ఆగిపోయాయి.

కత్రీనా తల్లి ముఖం చూసింది. తల్లి కూతురి ముఖం చూడలేదు. వీపుతో వింటోంది. పింటిలీ అడుగు పడలేదు. గాలి మాత్రం వంతెన మీంచి పోతోంది. అదీ తెలుస్తోంది. ఆ తర్వాత ఒక బరువు ఎక్కింది. నెమ్మదిగా, ఇనుప పట్టా వేసిన నాలుగు చక్రాలు, రెండు ఎద్దులు. బండి. లోపల ఏముందో, ఎవరున్నారో చక్రం చెప్పదు. అడుగేసే మనిషి అయితే తెలుస్తుంది. మోసుకొచ్చే మనిషి అందరికీ ఒకటే బరువు. బతికినవాడూ, పోయినవాడూ.

ప్రోఫిరా లేచింది. పీట పడిపోయింది. పరుగెత్తింది. చేతులు ముందుకు చాచి, వేళ్ళు ఇరవై రెండు దగ్గరే ముడుచుకుని.

బండి వంతెన దిగుతోంది. గడ్డి మీద మనుషులు. ఒక గట్టి గొంతు వినపడుతోంది.

"మెల్లిగా పోనివ్వు మామా! చెబుతున్నానా, కింద మా అమ్మ ఉంది! ఆ గుంట తప్పించు!"

"నోరు మూసుకోరా. పొద్దున్నుంచీ ఇదే గోల. ముప్పై ఏళ్ళుగా బండి తోలుతున్నాను, నాకు నేర్పుతావా?"

"ముప్పై ఏళ్ళలో మా అమ్మ మీద ఎన్నిసార్లు తోలావు?"

ప్రోఫిరా బండి చక్రం పట్టుకుంది. ఎద్దులు ఆగిపోయాయి. పింటిలీ ఎడమ కాలు మోకాలి దాకా చెక్కలతో కట్టి ఉంది. చొక్కా చిరిగింది. ముఖం సున్నంలా తెల్లగా ఉంది. కళ్ళు వెలుగుతున్నాయి.

"అమ్మా, మేం వాళ్ళని..." అని మొదలుపెట్టాడు.

"ఆగు," అంది ఆమె.

లెక్క మధ్యలో ఉంది. చెయ్యి బండి లోపలికి చాచింది. మొదటి తల మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

"ఇరవై మూడు."

చాకలి వెరోనా తమ్ముడు. చెయ్యి కట్టుకట్టి ఉంది. "నేనే అత్తా," అన్నాడు.

"ఇరవై నాలుగు."

పక్కనున్నవాడు నిద్రపోతున్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి తగిలింది.

"ఇరవై అయిదు. ఇరవై ఆరు."

ఇద్దరు రాలేదు. ఒకడు మర ఆవిడ మరిది, ఇంకొకడు గొర్రెలు కాసే యెరెమియా. వాళ్ళ పేర్లు మనసులో అనుకుంది, శిలువ గీసుకుంది. వాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి చెప్పాలి. కానీ ఇప్పుడు కాదు, ఇంకొకరు ఉన్నారు.

"నన్ను కూడా లెక్కపెడతావేంటమ్మా?" అన్నాడు పింటిలీ. నవ్వబోయి పెదవి కొరుక్కున్నాడు.

ప్రోఫిరా రెండు చేతులూ వాడి తల మీద పెట్టింది. గట్టు మీదికి వచ్చేసిన ఊరు మొత్తానికీ వినపడేలా, పది నెలల్లో మొదటిసారి గొంతెత్తి అంది.

"ఇరవై ఏడు."